ఆఫ్రికా భాషల్లో పసిపిల్లలకు చదవడం ఎలా వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా బడుల గురించి మన పత్రికల్లో ఎప్పుడైనా వార్త వస్తే, అది ఒక శాతంతో మొదలై ఆ శాతంతోనే ముగుస్తుంది. ఇంతమంది పిల్లలకు చదవడం రాదట, అంతే. ఏ భాషలో రాదు, ఆ భాషను ఎలా రాస్తారు, అక్కడి రెండో తరగతి పిల్ల పుస్తకం తెరిస్తే కంటికి ఏం కనిపిస్తుంది అన్న సంగతులు అందులో ఉండవు. ఆ సంగతులే ఇక్కడ ప్రశ్నలు, జవాబులుగా ఉన్నాయి. ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాలోని జులు, సెపెడి, సెట్స్వానా భాషల గురించే. లోతైన పరిశోధనలో పెద్ద వాటా అక్కడే జరిగింది. అవసరమైనచోట ఇథియోపియా, నైజీరియా, ఉగాండా, బురుండి కూడా వస్తాయి.

ఆఫ్రికా భాషలన్నీ ఒకే తీరులో ఉంటాయా?

ఉండవు. ఆ ఖండంలో సుమారు 2,000 భాషలు మాట్లాడతారు. దక్షిణ, మధ్య, తూర్పు ప్రాంతాల్లో బంటు కుటుంబానిదే పైచేయి: స్వాహిలి, జులు, షోనా, కిరుండి, బెంబా ఆ కుటుంబానివే. పశ్చిమాన యోరుబా, ఇగ్బో, వోలోఫ్ ఉన్నాయి. ఇథియోపియాలో అమ్హారిక్, ఒరోమో ఉన్నాయి. లిపులూ వేరు. చాలా భాషలు లాటిన్ అక్షరాల్లో రాస్తారు, అమ్హారిక్‌కు సొంత లిపి ఉంది, కొన్నిచోట్ల అరబిక్ లిపి వాడుకలో ఉంది. స్థానికులు స్వయంగా రూపొందించుకున్న లిపులూ ఉన్నాయి: 1830లలో లైబీరియాలో పుట్టిన వాయ్, 1949లో సోలోమానా కాంటే రూపొందించిన న్కో, 1989లో గినీలో ఇద్దరు అన్నదమ్ములు బాల్యంలోనే సృష్టించిన అడ్లమ్. అందువల్ల "ఆఫ్రికా పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారు" అని అడిగితే, ముందు "ఏ భాషలో?" అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

బంటు భాషల్లో పలికినట్టే రాస్తారు కదా, మరి చదవడం తేలికే అయి ఉండాలి?

మొదటి మెట్టు నిజంగానే తేలిక. ఇంగ్లిషులో ఒకే అక్షరం పది రకాలుగా పలుకుతుంది. జులు, స్వాహిలి భాషల్లో ఆ గందరగోళం లేదు. అచ్చుల గుర్తులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కువ అక్షరాలు ఒక హల్లు, దాని వెంట ఒక అచ్చు అన్న పద్ధతిలో నడుస్తాయి. జులు మాటలు సాధారణంగా అచ్చుతోనే ముగుస్తాయి. తెలుగును అజంత భాష అంటాం కాబట్టి ఈ సంగతి మనకు వెంటనే అర్థమవుతుంది. సెసోతో, సెట్స్వానా భాషల్లో మాత్రం పలికే అచ్చులు కనీసం 7, రాసే గుర్తులు 5. అక్కడ కొంత ఊహించుకోవాలి.

ఈ సౌలభ్యంలోనే ఒక ప్రమాదం ఉంది. ఉపాధ్యాయురాలు బల్లమీద "మ, మె, మి, మొ, ము" అని రాసి కర్రతో చూపిస్తుంది, తరగతి అంతా ఒక్క గొంతుతో పాడుతుంది. వారం తిరిగేసరికి పిల్లలు బల్లవైపు చూడకుండానే పాడేస్తారు. వినేవారికి చదువు వచ్చేసినట్టే ఉంటుంది. అదే పిల్లవాడిని ఒంటరిగా పిలిచి, వరుస మార్చి "మొ" ఎక్కడుందో చూపమంటే వేలు గాల్లోనే ఆగిపోతుంది. గుణింతం వల్లెవేయించే మన ఊరి బడుల్లోనూ ఇది కొత్త దృశ్యం కాదు. వల్లెవేయడం తప్పు కాదు, దాని తర్వాత ఒక్కొక్కరిని విడిగా వినకపోవడం తప్పు.

దక్షిణాఫ్రికాలో 10 మందిలో 8 మంది పిల్లలకు చదవడం రాదన్న మాట నిజమేనా?

నిజమే, కానీ ఆ అంకెను సరిగా అర్థం చేసుకోవాలి. పిర్ల్స్ అనే అంతర్జాతీయ పఠన పరీక్షలో 2016లో దక్షిణాఫ్రికా నాలుగో తరగతి పిల్లల్లో 78 శాతం మంది కనీస స్థాయిని అందుకోలేకపోయారు. 2021లో, కరోనా వల్ల బడులు మూతపడ్డ తర్వాత, అది 81 శాతానికి చేరింది. ఈ పరీక్ష అందరికీ ఇంగ్లిషులో పెట్టింది కాదు. పిల్లలు మొదటి మూడు తరగతులు ఏ భాషలో చదివారో ఆ భాషలోనే పెట్టారు. జులులో చదివిన పిల్లకు జులులోనే ప్రశ్నపత్రం ఇచ్చారు.

ఆ పరీక్ష కొలిచింది అక్షర జ్ఞానాన్ని కాదు, చదివిన దానిని అర్థం చేసుకోవడాన్ని. ఫెయిలైన పిల్లల్లో రకరకాల వారున్నారు. కొందరికి అక్షరాలే పూర్తిగా రావు. కొందరు కూడబలుక్కుని చదువుతారు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతారు. గడగడా చదివి కథలో ఏం జరిగిందో చెప్పలేనివారు తక్కువ. అంటే చాలామంది చిక్కుకుపోయింది మధ్యదశలో: అక్షరం వచ్చింది, వేగం రాలేదు. వారిని "చదువు రానివారు" అన్న ఒక్క మూటలో కట్టేస్తే ఎవరికి ఏం నేర్పాలో ఉపాధ్యాయులకు తెలియకుండా పోతుంది.

ఆ వేగం ఎందుకు రాదు? మాటలు పొడవుగా ఉండటం వల్లనా?

అసలు కిటుకు ఇక్కడే ఉంది, కొంచెం నిదానంగా చూద్దాం.

"మేము వాళ్ళను చూస్తున్నాం" అనడానికి జులులో "సియబబోన" అంటారు. ఒకే మాట. సెపెడిలో "రె అ బ బోన" అంటారు. నాలుగు మాటలు. రెండింటి నిర్మాణం ఒకటే: "సి" లేదా "రె" అంటే మేము, "య" లేదా "అ" పని జరుగుతోందని చెబుతుంది, "బ" అంటే వాళ్ళను, "బోన" అంటే చూడటం. తేడా రాతలోనే. జులు, ఖోసా, స్వాతి, ఎన్‌డెబెలె భాషల్లో ఈ ముక్కలన్నీ కలిపి రాస్తారు. సెపెడి, సెసోతో, సెట్స్వానాలలో విడదీసి రాస్తారు. 19వ శతాబ్దపు మిషనరీలు జులును కూడా విడదీసే రాసేవారు, కలిపి రాసే పద్ధతి తర్వాత స్థిరపడింది.

ఇప్పుడు ఏడేళ్ళ జులు పిల్ల స్థానంలో ఉండి చూడండి. "సి... య... బ... బో... న". ఒక్కో అక్షరాన్నీ పోల్చుకుని, పలికి, అయిదూ మనసులో పట్టి ఉంచుకుని, చివరికి వాటిని ఒక మాటగా కూర్చాలి. "బోన" దగ్గరికి వచ్చేసరికి "సి" జారిపోతే ఎవరు చూస్తున్నారో తెలియదు. పైగా "మేము వాళ్ళను చూడటం లేదు" అనాలంటే "అసిబబోని" అవుతుంది. ముందు ఒక "అ" వచ్చింది, మధ్యలో "య" పోయింది, చివర "న" కాస్తా "ని" అయింది. మొదటి అక్షరాన్నో చివరి అచ్చునో నిర్లక్ష్యం చేస్తే అర్థమే తలకిందులు. ఇంగ్లిషు పిల్ల మాట ఆకారాన్ని చూసి ఊహించి నెట్టుకురాగలదేమో గానీ, జులు పిల్లకు ఆ వెసులుబాటు లేదు. ప్రతి అక్షరాన్నీ కచ్చితంగా చదవాలి.

సెపెడి పిల్లకు వేరే చిక్కు. మాటలు చిన్నవి, పలకడం తేలిక. కానీ "అ", "బ", "గొ", "ఒ" లాంటి ఏకాక్షర మాటలు పుటనిండా చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక్కొక్కటి సందర్భాన్ని బట్టి వేర్వేరు పనులు చేస్తుంది. పిల్ల ప్రతి ముక్క దగ్గరా ఆగితే వాక్యం ముక్కలై మిగులుతుంది. అర్థం కావాలంటే ఆ చిన్న మాటలను గుంపుగా, ఒకే ఊపిరిలో చదవడం అలవాటు కావాలి.

నామవాచకాలూ ఇలాగే. బంటు భాషల్లో ఏకవచన, బహువచనాలు మాట ముందు భాగంలో తేలతాయి. జులులో "ఉముంటు" అంటే మనిషి, "అబంటు" అంటే మనుషులు. ఆ ముందు భాగాన్ని బట్టి వాక్యంలోని క్రియ, విశేషణం కూడా మారతాయి. పిల్లలకు ఇది మాటలో పుట్టుకతో వచ్చిన విద్య, వ్యాకరణం నేర్పనక్కరలేదు. కాగితంమీద ఆ ముక్కను ఒక్క చూపులో గుర్తుపట్టే అలవాటును మాత్రం బడే నేర్పాలి. అది నేర్పే పాఠాలు మొన్నమొన్నటి దాకా చాలా తక్కువ.

నిమిషానికి ఎన్ని మాటలు చదివితే పిల్ల సరైన దారిలో ఉన్నట్టు?

భాషను బట్టి. ఇంగ్లిషు పిల్లల కోసం కట్టిన లెక్కను జులు పిల్లలకు తగిలించడం అన్యాయం, ఏళ్ళ తరబడి జరిగింది అదే. పై ఉదాహరణనే తీసుకుంటే, ఒకే వాక్యానికి జులు పిల్లకు 1 మాట లెక్క, సెపెడి పిల్లకు 4 మాటలు లెక్క. ఇద్దరినీ ఒకే అంకెతో ఎలా పోలుస్తారు?

నిక్ స్పాల్, ఎలిజబెత్ ప్రిటోరియస్, నొంపుమెలెలొ మొహోహ్ల్వానె 2020లో ప్రచురించిన పరిశోధనతో మొదలై దక్షిణాఫ్రికాలో భాషలవారీ ప్రమాణాలు వచ్చాయి. జులు, ఖోసాల కుటుంబానికి రెండో తరగతి చివరికి నిమిషానికి 20 మాటలు, మూడో తరగతి చివరికి 35. సెసోతో, సెట్స్వానాల కుటుంబానికి అవే తరగతుల్లో 40, 60. రెండింటికీ మొదటి తరగతి చివరికి నిమిషానికి 40 అక్షరాలకు ధ్వని సరిగా చెప్పగలగాలి. ఈ గీత దిగువన ఉన్న పిల్లలు చదివింది అర్థం చేసుకోవడం చాలా అరుదు అని ఆ పరిశోధనలో తేలింది. గీత దాటినంత మాత్రాన అర్థమైపోతుందని కాదు, అర్థం కావడానికి తలుపు తెరుచుకుంటుంది.

తెలుగులో మన పిల్లల పఠన వేగాన్ని కొలిచేవారికి కూడా ఈ పాఠం పనికొస్తుంది. "వెళ్ళలేకపోయినప్పటికీ" అన్న మాటను ఒకటిగా లెక్కించి, ఇంగ్లిషు పిల్ల మాటల లెక్కతో పోల్చడం సరికాదు.

జులు, ఖోసాలలో నాలుకతో టక్కుమనిపించే శబ్దాలుంటాయి కదా, వాటివల్ల చదవడం కష్టమా?

ఆ శబ్దాలు బయటివారికి కష్టం, అక్కడ పుట్టిన పిల్లలకు కాదు. మూడు రకాలున్నాయి: అయ్యో పాపం అన్నట్టు పళ్ళ వెనుక నాలుక చప్పరించేది ఒకటి, అంగిట్లో నాలుకను టాప్‌మని విడిచేది ఒకటి, ఎద్దులను అదిలించినట్టు నోటి పక్కనుంచి తీసేది ఒకటి. వాటిని లాటిన్ లిపిలో సీ, క్యూ, ఎక్స్ అనే అక్షరాలతో రాస్తారు.

కష్టం ఎక్కడంటే గుంపుల్లో. పవిత్రం అనే అర్థమున్న జులు మాటలో ఎన్, జీ, సీ, డబ్ల్యూ అనే 4 అక్షరాలు వరుసగా వచ్చి ఒకే హల్లు గుంపుగా పలుకుతాయి. మనం సంయుక్తాక్షరాన్ని ఒక గుత్తిగా కట్టి చూపిస్తాం కాబట్టి అది ఒకటేనని కంటికి తెలుస్తుంది. అక్కడ అన్నీ వరుసలో నిలబడి ఉంటాయి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పిల్లే విడదీసుకోవాలి. ఈ గుంపులను రెండు, మూడు తరగతుల్లో పద్ధతిగా నేర్పాలి. మొదటి తరగతిలో విడి అక్షరాలు చెప్పి "ఇక చదవడం వచ్చేసింది" అని వదిలేస్తే పిల్లలు ఈ గుంపుల దగ్గరే తడబడతారు.

యోరుబాలో స్వరాన్ని బట్టి అర్థం మారుతుందట. రాతలో అది ఎలా తెలుస్తుంది?

యోరుబాలో మూడు స్థాయులున్నాయి: పైస్వరం, మధ్యస్వరం, కిందిస్వరం. "ఒకొ" అన్న ఒకే అక్షరాలు స్వరం మారితే భర్త, పార, బండి అవుతాయి. పైస్వరానికి, కిందిస్వరానికి అక్షరం నెత్తిమీద గీతలుంటాయి. బడి పుస్తకాల్లో అవి కనిపిస్తాయి, పత్రికల్లో, ఫోను సందేశాల్లో చాలావరకు వదిలేస్తారు. పెద్దలు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు, పసిపిల్లకు అంత అనుభవం ఉండదు.

అలాగని ప్రతి అక్షరం మీదా గీత పెట్టేస్తే సమస్య తీరుతుందనీ చెప్పలేం. స్టీవెన్ బర్డ్ అనే భాషా శాస్త్రవేత్త కామెరూన్‌లోని చాంగ్ ప్రాంతంలో జరిపిన ప్రయోగాన్ని 1999లో ప్రచురించారు. స్వరాలన్నీ గుర్తించిన పాఠాన్ని జనం మరింత నెమ్మదిగా, తడబడుతూ చదివారు. గుర్తులు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది ప్రతి భాషకూ విడిగా తేల్చుకోవలసిన విషయం.

ఇథియోపియా లిపి మన లిపిలాగే ఉంటుందంటారు. నిజమేనా?

రూపంలో కాదు, పద్ధతిలో. అమ్హారిక్ రాసే ఫిదెల్‌లో 33 మూల హల్లులు, ఒక్కోదానికి 7 అచ్చు రూపాలు, మొత్తం 231 గుర్తులు. పిల్లలు గోడకు వేలాడే పెద్ద పట్టిక చూస్తూ "హ, హు, హి, హా..." అని వరుసలు పాడతారు. మన గుణింతం తెలిసినవారెవరైనా ఆ పట్టిక ముందు నిలబడితే ఏం జరుగుతోందో అయిదు నిమిషాల్లో పట్టేస్తారు.

రెండు తేడాలు మాత్రం పిల్లలను ఇబ్బంది పెడతాయి. ఫిదెల్‌లో ఒత్తు రాయరు. "అలె" అంటే అన్నాడు, "అల్లె" అంటే ఉన్నాడు, రాతలో రెండూ ఒకటే. తెలుగులో "కల", "కల్ల" ఒకేలా రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. రెండోది, ఆరో వరుస అక్షరం ఒకచోట పొల్లు హల్లుగా, మరోచోట పొట్టి అచ్చుతో పలుకుతుంది, మనకున్నట్టు పొల్లు గుర్తు లేదు. వీటికి తోడు ఒకే ధ్వనికి రెండు మూడు అక్షరాలు కూడా ఉన్నాయి.

పక్కనే ఉన్న ఒరోమో భాష 1991లో లాటిన్ లిపిని అధికారికంగా స్వీకరించింది. అందులో దీర్ఘాన్ని అచ్చు రెండుసార్లు రాసి చూపిస్తారు, హల్లు ఒత్తును కూడా అలాగే. "లఫ" అంటే నేల, "లాఫా" అంటే మెత్తని. ఇది పసివారికి స్పష్టంగా కనిపిస్తుంది, కాకపోతే మాట పొడవు పెరుగుతుంది.

మొదట సొంత భాషలో నేర్పితే ఇంగ్లిషు దెబ్బతినదా?

దెబ్బతినదని చెప్పే ఆధారాలు బలంగా ఉన్నాయి. నైజీరియాలో 1970లో ప్రొఫెసర్ బాబ్స్ ఫఫున్వా నాయకత్వంలో ఇఫె ప్రాథమిక పాఠశాల ప్రాజెక్టు మొదలైంది. ఒక వర్గం పిల్లలకు ఆరేళ్ళూ యోరుబాలోనే అన్ని పాఠాలూ చెప్పి, ఇంగ్లిషును ఒక విషయంగా, బాగా వచ్చిన ఉపాధ్యాయులతో నేర్పారు. ఆ పిల్లలు మిగిలిన విషయాల్లో ముందుండటమే కాదు, ఇంగ్లిషులోనూ వెనకబడలేదు.

పసెక్ అనే పరీక్షను 2014లో ఫ్రెంచి వాడుకలో ఉన్న 10 ఆఫ్రికా దేశాల్లో పెట్టినప్పుడు, ప్రాథమిక తొలి తరగతుల్లో బురుండి పిల్లలు అందరికన్నా మెరుగ్గా చదివారు. ఆ దేశంలో దాదాపు అందరి ఇంటి భాష కిరుండి, బడి మొదలయ్యేదీ కిరుండిలోనే. మిగిలిన దేశాల్లో ఎక్కువమంది పిల్లలు ఇంట్లో వినని ఫ్రెంచిలో అక్షరాలు దిద్దారు. బురుండి ధనిక దేశం కాదు, ప్రపంచంలో అత్యంత పేద దేశాల్లో ఒకటి.

దక్షిణాఫ్రికాలో స్టీవెన్ టేలర్, మారిసా ఫోన్ ఫింటెల్ 2016లో ప్రచురించిన విశ్లేషణలో కూడా, ఒకే బడిలో తొలి మూడేళ్ళు ఇంటి భాషలో చదివిన తరాల పిల్లలకే తర్వాత ఇంగ్లిషు మెరుగ్గా వచ్చిందని తేలింది. చదవడం అనే విద్య ఒకసారి అబ్బితే రెండో భాషకు దానిని మళ్ళీ మొదటినుంచి నేర్పనక్కరలేదు. కావలసింది మాటలే.

అయితే మూడో తరగతి అయిపోగానే, నాలుగో తరగతి మొదటి రోజునుంచి అంతా ఇంగ్లిషులోకి దూకించడం దక్షిణాఫ్రికాలో దశాబ్దాలుగా నడుస్తూ వచ్చిన పద్ధతి. సొంత భాషలోనే ఇంకా నిలదొక్కుకోని పిల్లను అలా దూకిస్తే రెండూ చేతికందవు. 2025లో అక్కడ నాలుగో తరగతినుంచి మాతృభాష ఆధారంగా రెండు భాషల్లో బోధించే విధానాన్ని దశలవారీగా మొదలుపెట్టారు. నైజీరియా మాత్రం ఎదురు దారి పట్టింది: ప్రాథమిక పాఠశాల అంతటా మాతృభాషే అన్న 2022 నాటి విధానాన్ని 2025 నవంబరులో రద్దు చేసింది. ఇఫె ప్రాజెక్టు జరిగిన దేశంలోనే ఈ నిర్ణయం రావడం నాకు చాలా బాధ కలిగించింది.

అయినా తల్లిదండ్రులు ఇంగ్లిషే కావాలంటారు. వారిని తప్పు పట్టాలా?

పట్టకూడదు. దక్షిణాఫ్రికాలో 1953 నాటి బంటు విద్యా చట్టం నల్లజాతి పిల్లలకు తక్కువ స్థాయి చదువు చెప్పడానికే పుట్టింది, మాతృభాషా బోధనను అందుకు పనిముట్టుగా వాడుకుంది. 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు తెల్లజాతి పాలకుల భాష ఆఫ్రికాన్స్‌ను బలవంతంగా రుద్దడాన్ని వ్యతిరేకిస్తూ వీధుల్లోకి వచ్చి తూటాలకు బలయ్యారు. ఆ తరానికి "మీ పిల్లకు మీ భాషలోనే చెబుతాం" అన్న మాట వింటే అనుమానం రావడం సహజం. ఉద్యోగం ఇంగ్లిషుతోనే వస్తుందన్న లెక్కా నిజమే. తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లిషు మాధ్యమం మీద జరిగే చర్చ విన్నవారికి ఈ మాటలు కొత్తగా ఉండవు. వారికి ఉపన్యాసం ఇవ్వడంకన్నా, సొంత భాషలో బాగా చదవగలిగిన పిల్లకు ఇంగ్లిషు ఎంత త్వరగా వస్తుందో తరగతిలో చూపించడం మేలు.

ఇంటి భాష ఒకటి, బడి "మాతృభాష" ఇంకొకటి అయితే?

నగరాల్లో ఇది మామూలే. జాంబియా రాజధాని లుసాకాలో బడి భాష చిన్యాంజా, వీధిలో పిల్లలు ఆడే మాటలు ఇంగ్లిషు, బెంబా కలిసిన వేరే నగర భాష. జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల ఒకే తరగతిలో నాలుగైదు ఇంటి భాషలుంటాయి. పుస్తకంలోని ప్రామాణిక మాట పిల్ల ఎప్పుడూ వినకపోవచ్చు. ఉపాధ్యాయులు ఇంటి మాటను తప్పని కొట్టిపారేయకుండా, రెండింటినీ పక్కపక్కన పెట్టి చెబితే సరిపోతుంది.

తరగతి గదిలో ఏది నిజంగా ఫలితమిచ్చింది?

దక్షిణాఫ్రికా నార్త్‌వెస్ట్ రాష్ట్రంలో 230 బడుల్లో, సెట్స్వానా చదవడం మీద 2015లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. కొన్ని బడుల ఉపాధ్యాయులకు రోజువారీ పాఠ ప్రణాళికలు, పిల్లలు చదువుకునే పుస్తకాలు ఇచ్చి, ఒక కేంద్రంలో శిక్షణ ఇచ్చారు. మరికొన్నింటికి అవే ఇచ్చి, శిక్షణ బదులు అనుభవమున్న మార్గదర్శకురాలిని తరగతికే పంపారు. ఆమె వెనక బల్లమీద కూర్చుని పాఠం చూస్తుంది, ఒక్కోసారి తానే చెప్పి చూపిస్తుంది, తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఇంకొన్ని బడుల్లో తల్లిదండ్రులతో సమావేశాలు పెట్టారు. రెండేళ్ళ తర్వాత చూస్తే మార్గదర్శకురాలు వెళ్ళిన బడుల్లో మెరుగుదల కేంద్ర శిక్షణతో వచ్చినదానికి దాదాపు రెట్టింపు. తల్లిదండ్రుల సమావేశాల వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఉగాండా ఉత్తర ప్రాంతంలో లాంగో భాషలో జరిగిన ప్రయోగం ఇంకో హెచ్చరిక చేసింది. మ్యాంగో ట్రీ అనే సంస్థ రూపొందించిన పూర్తి కార్యక్రమం పిల్లల పఠనాన్ని ఎంతో పెంచింది. ఖర్చు తగ్గించడానికి పలకలు, గోడ గడియారాల వంటివి తీసేసి, శిక్షణను ప్రభుత్వ సిబ్బందితో అంచెలవారీగా ఇప్పించిన చౌక రూపంలో ఆ ఫలితంలో చాలాభాగం పోయింది. రాతలో కొన్ని అంశాల్లోనైతే ఏ కార్యక్రమమూ లేని బడుల పిల్లలకన్నా వెనకబడ్డారు. జేసన్ కెర్విన్, రెబెకా థోర్న్‌టన్ ఈ ఫలితాలను వెల్లడించారు. పలక, బలపం చవక వస్తువులే. పిల్ల చేతిలో అవి లేకపోతే అక్షరం రాసి, చెరిపి, మళ్ళీ రాసే సాధన ఉండదు.

పుస్తకాలున్నాయా?

చాలవు, కానీ మునుపటి కన్నా మెరుగు. పాత సమస్య ఏమిటంటే, ఇంగ్లిషు పిల్లల పుస్తకాన్ని తీసుకుని జులులోకి మార్చి అచ్చువేసేవారు. ఇంగ్లిషులో పిల్లి అనే మాట మూడక్షరాల చిన్న మాట, మొదటి పాఠానికి సరిపోతుంది. అనువాదంలోకి వచ్చేసరికి వాక్యం పొడవైపోయి, ఇంకా నేర్పని గుంపులు వచ్చిపడతాయి. మొల్టెనో సంస్థ తెచ్చిన వులా బులా పుస్తకాలు ఇందుకు భిన్నం: ఒక్కో ఆఫ్రికా భాషలో ఏ ధ్వని ముందు, ఏది తర్వాత అన్నది ఆ భాషనుంచే తీసుకుని రాశారు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన గొప్ప పనుల్లో ఇదొకటి.

ఆఫ్రికన్ స్టోరీబుక్ అనే వేదిక 2014నుంచి ఎన్నో ఆఫ్రికా భాషల్లో బొమ్మల కథలను ఉచితంగా, ఎవరైనా అనువదించుకునే అనుమతితో ఇస్తోంది. దక్షిణాఫ్రికాలో నలిబలి ఉద్యమం కథలు చదివి వినిపించే పిల్లల బృందాలను నడుపుతోంది. నెవిల్ అలెగ్జాండర్ కేప్‌టౌన్‌లో స్థాపించిన ప్రేసా సంస్థకు పిల్లల చదువు కోసం చేసిన కృషికి 2015లో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ స్మారక పురస్కారం వచ్చింది.

మన దేశానికి, ఈ పనికి సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. ప్రథమ్ సంస్థ 2005నుంచి ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే చేస్తోంది. దాని స్ఫూర్తితో 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండాలలో ఉవెజో మొదలైంది. అక్కడివారు మన పద్ధతిని యథాతథంగా తీసుకోలేదు. ఇంగ్లిషు పరీక్ష విడి అక్షరాలతో మొదలైతే, స్వాహిలి పరీక్షను గుణింతాక్షరాలతో మొదలుపెట్టారు, ఎందుకంటే స్వాహిలిలో పిల్లలు నేర్చుకునేది అలాగే. తరగతిని కాక స్థాయిని బట్టి పిల్లలను బృందాలు చేసి నేర్పే ప్రథమ్ విధానం జాంబియాలో క్యాచప్ పేరుతో ప్రభుత్వ బడుల్లోకి వెళ్ళింది.

మా పిల్లవాడికి చదవడం నిజంగా వచ్చిందో, కంఠతా పట్టాడో ఎలా తెలుసుకోవాలి?

తొలి తరగతుల పఠనాన్ని కొలవడానికి ఆఫ్రికాలో విరివిగా వాడే ఎగ్రా పరీక్ష పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. వరుస మార్చి అక్షరాలు చూపించి ధ్వని అడగండి. తర్వాత అర్థంలేని మాటలు రెండు మూడు రాసి చదవమనండి. కంఠతా పట్టినవాడు ఇక్కడ దొరికిపోతాడు. ఆపైన అతను ఎప్పుడూ చూడని చిన్న కథ ఒక నిమిషం చదివించి, నాలుగైదు ప్రశ్నలు వేయండి. ఒక్క ప్రశ్నయినా "ఎందుకు?" అని ఉండాలి.

డర్బన్‌లో ఉంటున్నాం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, రెండో భాషగా జులు. పిల్లకు భారం కాదా?

కాదు, క్రమం పాటిస్తే. 1860లో మద్రాసునుంచి ట్రూరో ఓడ నాటాల్ చేరినప్పటినుంచీ అక్కడ తెలుగువారున్నారు. చెరకు తోటల్లో పనిచేసిన ఆ కుటుంబాలు 1931లో ఆంధ్ర మహాసభను ఏర్పాటు చేసుకుని తెలుగును కాపాడుకోవడానికి పాటుపడ్డాయి.

జులును ముందు చెవికి పరిచయం చేయండి: ఆటలు, పాటలు, పక్కింటి పిల్లలు. మాటలు వచ్చాక అక్షరాలు. ఇంగ్లిషు అలవాటున్న పిల్ల రెండు చోట్ల తప్పు చదువుతుంది. పీ, హెచ్ కలిపి రాసినచోట ఇంగ్లిషులో ఎఫ్ ధ్వని వస్తుంది, జులులో అది ఒత్తి పలికే పకారం, మన "ఫలం"లోని అసలు ఫకారం లాంటిది. "ఫుజ" అంటే తాగు. అలాగే టీ, హెచ్ కలిస్తే ఒత్తి పలికే టకారమే. మహాప్రాణాలు తెలిసిన తెలుగు పిల్లకు ఇవి ఒక్కసారి చెబితే పట్టుబడతాయి. ఇంట్లో తెలుగు గుణింతం నేర్పుతున్నట్లయితే ఆపకండి. హల్లు, అచ్చు కలిసి ఒక అక్షరమవుతుందన్న ఎరుక జులు చదవడానికి నేరుగా ఉపయోగపడుతుంది. రోజూ పది నిమిషాలు జులు బొమ్మల కథ ఒకటి గట్టిగా చదివించండి, పొడవైన మాట దగ్గర ఆగితే మీరు అందించకుండా వేలితో ముక్కలు చూపించి ఆమెతోనే కూర్పించండి.